జనాభా లెక్కలను చదవడం, వాడుకోవడం ఎలా?

2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభా ఎంత అని వెతికితే మీకు రెండు అంకెలు ఎదురవుతాయి. ఒకచోట 3,51,93,978 అని, మరొకచోట 3,50,03,674 అని ఉంటుంది. రెండూ ఒకే జనగణన నుంచి వచ్చినవే, రెండూ సరైనవే. 2014లో రాష్ట్రం ఏర్పడే సమయంలోనే ఖమ్మం జిల్లాలోని పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆ ప్రాంతంలో 2011లో లెక్కకు వచ్చినవారు 1,90,304 మంది. మొదటి అంకె పాత పది జిల్లాలది, రెండోది ముంపు మండలాలు పోగా మిగిలిన తెలంగాణది. ఆంధ్రప్రదేశ్ జనాభా ఒకచోట 4,93,86,799 అనీ, మరొకచోట 4,95,77,103 అనీ కనిపించడానికి కారణం కూడా ఇదే. ఈ సంగతి తెలియని పాఠకుడు రెండింటిలో ఒకటి తప్పని అనుకుంటాడు. తెలిసినవాడు తన అవసరానికి ఏది సరిపోతుందో ఎంచుకుంటాడు.

గ్రామ పంచాయతీలో అర్జీ రాసేవారు, పాఠశాల నడిపేవారు, ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసేవారు, పత్రికల్లో రాసేవారు, పోటీ పరీక్షలకు చదువుకునేవారు, వీరందరికీ ఏదో ఒక రోజు జనాభా అంకెతో పని పడుతుంది. అంకె దొరకడం ఇప్పుడు కష్టం కాదు. అది ఎవరిని లెక్కపెట్టింది, ఏ రోజున, ఏ హద్దుల్లో, దేనితో భాగించి వచ్చింది అన్నది తెలుసుకోవడమే అసలు పని. ఆ పనిని అడుగడుగుగా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

1. మీ ప్రశ్నను ముందుగా ఒక వాక్యంలో రాసుకోండి

పట్టిక తెరవకముందే, మీకు కావలసింది మనుషుల సంఖ్యా, మొత్తంలో వారి వాటా, ఏడాదికి జరిగే సంఘటనల రేటా, లేక రెండు కాలాల మధ్య వచ్చిన మార్పా అన్నది నిర్ణయించుకోండి. “మా ఊళ్ళో పిల్లలు ఎక్కువమంది ఉన్నారు” అన్న మాటకు ఏ పట్టికా జవాబు చెప్పదు. “మా రెవెన్యూ గ్రామంలో ఆరేళ్ళలోపు పిల్లలు ఎందరు, మొత్తం జనాభాలో వారు ఎంత శాతం” అని అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది. అంగన్‌వాడీ కేంద్రానికి 400 నుంచి 800 జనాభా, మైదాన ప్రాంతంలో ఆరోగ్య ఉపకేంద్రానికి 5,000, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 30,000 అని ప్రభుత్వ ప్రమాణాలు ఉన్నాయి. గిరిజన, కొండ ప్రాంతాల్లో ఉపకేంద్రానికి 3,000, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 20,000 సరిపోతుంది. మీ అర్జీ ఏ ప్రమాణం మీద ఆధారపడుతుందో తెలిస్తే మీకు ఏ అంకె కావాలో కూడా తెలిసిపోతుంది.

2. అంకె ఎక్కడ పుట్టిందో తెలుసుకోండి

మన దేశంలో జనాభా గురించిన అంకెలు ప్రధానంగా నాలుగు దారుల్లో వస్తాయి. మొదటిది జనగణన. 1872లో మొదలై, 1881 నుంచి పదేళ్ళకొకసారి దేశమంతటా ఒకే కాలంలో జరుగుతూ వచ్చింది. 2011లో జరిగినది పదిహేనవది. 1948 జనగణన చట్టం దీనికి ఆధారం. ఇల్లిల్లూ తిరిగి ప్రతి మనిషినీ లెక్కపెట్టే పద్ధతి ఇదొక్కటే కనుక గ్రామస్థాయి అంకె కావాలంటే దీన్నే ఆశ్రయించాలి. రెండోది జనన మరణాల నమోదు. 1969 చట్టం ప్రకారం పుట్టుకనైనా చావునైనా 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. నమోదు పూర్తిగా జరిగే చోట ఇంతకు మించిన ఆధారం లేదు, జరగని చోట మాత్రం జననాలూ మరణాలూ రెండూ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తాయి.

మూడోది నమూనా సర్వే. కేంద్ర రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నడిపే నమూనా నమోదు పథకం నుంచి రాష్ట్రాల జననాల రేటు, మరణాల రేటు, శిశు మరణాల రేటు వస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఇలాంటిదే. ఇవి రాష్ట్రానికి పనికొస్తాయి, కుటుంబ ఆరోగ్య సర్వే కొంతవరకు జిల్లాకూ పనికొస్తుంది, మీ ఊరికి మాత్రం ఏదీ పనికిరాదు. నాలుగోది అంచనా. గత జనగణనను పునాదిగా తీసుకుని, జననాలు, మరణాలు, వలసలు ఇలా సాగుతాయని ఊహించి కట్టే లెక్క ఇది. 2021, 2025 సంవత్సరాలకు మీరు చూస్తున్న రాష్ట్ర జనాభాలన్నీ ఈ నాలుగో రకానివే, ఎందుకంటే 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ కారణంగా ఆగిపోయింది.

ఒక రకం అంకెను మరో రకం అంకెతో కలిపి పోల్చడం నేను తరచుగా చూసే తప్పు. 2019–21లో జరిగిన అయిదవ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రతి వెయ్యిమంది పురుషులకు 1,020 మంది స్త్రీలు ఉన్నారు. 2011 జనగణనలో ఆ అంకె 943. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, దేశంలో మొదటిసారి స్త్రీల సంఖ్య పురుషులను దాటిందని పతాక శీర్షికలు వచ్చాయి. సర్వే చూసింది సుమారు 6.36 లక్షల కుటుంబాలను. ముందురోజు రాత్రి ఆ ఇళ్ళలో బస చేసినవారిని లెక్కలోకి తీసుకుంది. పని కోసం ఊరు విడిచి కూలీల గుడారాల్లో ఉంటున్న మగవారు, సైనిక శిబిరాల్లో, హాస్టళ్ళలో ఉంటున్నవారు ఆ లెక్కలోకి రారు. అదే సర్వేలో, గత అయిదేళ్ళలో పుట్టిన పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 929 మందే. శీర్షికల్లోకి ఎక్కవలసిన అంకె అదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆడపిల్లను పుట్టకముందే తీసేసే అలవాటు ఇంకా పోలేదని చెప్పేది అదే.

ప్రభుత్వ పథకాల రికార్డులను జనాభాగా పొరబడవద్దు. ఓటర్ల జాబితాలో 18 ఏళ్ళు నిండినవారే ఉంటారు. రేషన్ కార్డుల సంఖ్యకు చట్టమే పరిమితి పెట్టింది. 2013 ఆహార భద్రత చట్టం దేశంలో గ్రామీణ జనాభాలో 75 శాతం, పట్టణ జనాభాలో 50 శాతం వరకు వర్తిస్తుంది. ఆ జనాభా 2011 నాటిది. అంతే కాదు, సర్వే ఎంత పెద్దదైనా సర్వేయే. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కుటుంబ సర్వేలో సుమారు 3.54 కోట్లమంది వివరాలు నమోదయ్యాయి. దీన్ని 2011 నాటి 3.50 కోట్లతో పోల్చి, పదమూడేళ్ళలో రాష్ట్రం నాలుగు లక్షలే పెరిగిందని ఎవరైనా అంటే నమ్మవద్దు. తాళం వేసిన ఇళ్ళు, వివరాలు ఇవ్వని ఇళ్ళు కలిపి సుమారు మూడు శాతం కుటుంబాలు ఆ సర్వేకు అందలేదు.

3. తేదీని, హద్దును సరిచూసుకోండి

జనగణనకు ఒక క్షణం ఉంటుంది. 2011లో అది మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి. ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇల్లిల్లూ తిరిగారు, 28 రాత్రి ఇల్లులేనివారిని రోడ్ల మీద, రైల్వే స్టేషన్లలో, గుళ్ళ దగ్గర లెక్కపెట్టారు, మార్చి 1 నుంచి 5 వరకు మళ్ళీ తిరిగి, ఈలోగా పుట్టినవారిని చేర్చి చనిపోయినవారిని తీసివేశారు. కాబట్టి “2011 జనాభా” అంటే ఆ ఏడాది మొత్తానిది కాదు, ఆ రాత్రిది.

తరవాత, మీ చేతిలో ఉన్నది తాత్కాలిక అంకెనా, తుది అంకెనా అని చూడండి. 2011 మార్చి నెలాఖరులో తాత్కాలిక ఫలితాలు వెలువడ్డాయి, పాత పుస్తకాల్లో, వాటిని చూసి రాసిన ప్రశ్నపత్రాల్లో ఇప్పటికీ అవే ఉన్నాయి. దేశ అక్షరాస్యత తాత్కాలికంగా 74.04 శాతం, తుది లెక్కలో 72.99. లింగ నిష్పత్తి తాత్కాలికంగా 940, తుది లెక్కలో 943. ఒక పట్టికలో ఒక వరుస తాత్కాలికానిదీ మరో వరుస తుదిదీ కలిస్తే ఆ పట్టిక ఎందుకూ పనికిరాదు.

హద్దుల విషయంలో మన రెండు రాష్ట్రాలవారూ మరీ జాగ్రత్తగా ఉండాలి. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. 2011 నాటి వరంగల్ జిల్లాకూ నేటి వరంగల్ జిల్లాకూ పేరు తప్ప పోలిక లేదు. నేటి జిల్లాకు 2011 జనాభా కావాలంటే దానిలోని మండలాలను, అవసరమైతే గ్రామాలను, ఒక్కొక్కటిగా కూడుకోవాలి. “హైదరాబాద్ జనాభా” అన్న మాట కూడా ఇంతే. 2011లో హైదరాబాద్ జిల్లాలో 39.43 లక్షలమంది ఉంటే, చుట్టుపక్కల పట్టణ ప్రాంతమంతా కలిపిన నగర సముదాయంలో సుమారు 77 లక్షలమంది ఉన్నారు. ఏది రాస్తున్నారో చెప్పకపోతే చదివేవారికి అది తప్పుడు సమాచారమే అవుతుంది.

ఊరి స్థాయికి వస్తే ఇంకొక చిక్కు ఉంది. జనగణన గ్రామం అంటే రెవెన్యూ గ్రామం, పంచాయతీ కాదు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండవచ్చు, శివారు ఆవాసాలన్నీ దానిలోనే కలిసి ఉంటాయి. తెలంగాణలో 2018లో ఎన్నో తండాలు, గూడేలు కొత్త పంచాయతీలయ్యాయి. వాటికి 2011 పట్టికలో ప్రత్యేకంగా వరుస ఉండదు. అలాగే “పట్టణం” అన్న మాటకు అర్థం కూడా చూసుకోండి. 5,000కు తగ్గని జనాభా, చదరపు కిలోమీటరుకు 400కు తగ్గని జనసాంద్రత, ఏడాదిలో ఎక్కువ కాలం పనిచేసే పురుషుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండటం, ఈ మూడూ ఉంటే పంచాయతీ పాలనలో ఉన్న ఊరు కూడా జనగణన లెక్కలో పట్టణమే.

4. దేనితో భాగించారో చూడండి

చిన్నప్పుడు భిన్నాల్లో నేర్చుకున్న హారం ఇక్కడ ప్రాణం. అక్షరాస్యత శాతాన్ని ఏడేళ్ళు, అంతకు పైబడినవారి సంఖ్యతో భాగించి లెక్కిస్తారు. 1981 వరకు అయిదేళ్ళు పైబడినవారితో లెక్కించేవారు, 1991 నుంచి ఏడేళ్ళు చేశారు. పాత శాతాలను కొత్తవాటితో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. లింగ నిష్పత్తి మన దేశంలో ప్రతి వెయ్యిమంది పురుషులకు స్త్రీలు ఎందరు అని చెబుతుంది, అంతర్జాతీయ పట్టికల్లో ఎక్కువచోట్ల ప్రతి వందమంది స్త్రీలకు పురుషులు ఎందరు అని ఉంటుంది. జననాల రేటును ఏడాది మధ్యనాటి జనాభాలో వెయ్యిమందికి లెక్కిస్తారు. శిశు మరణాల రేటుకు హారం జనాభా కాదు, సజీవంగా పుట్టిన వెయ్యిమంది పిల్లలు. మాతృ మరణాల నిష్పత్తిని లక్ష సజీవ జననాలకు లెక్కిస్తారు. వెయ్యినీ లక్షనూ తారుమారు చేసి రాసిన వార్తలు నేను చాలా చూశాను.

5. మీ ఊరి పట్టికతో చేతులారా లెక్క వేయండి

జనగణన శాఖ వెబ్‌సైటులో ప్రాథమిక జనగణన సారాంశం అనే పట్టిక ఉంది. రాష్ట్రం, జిల్లా, మండలం ఎంచుకుంటే గ్రామాల వరుసలు వస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌గానే వెతకాలి, ఎందుకంటే 2011లో ఉన్నది అదే. ఒకే పేరుతో ఊళ్ళు ఎన్నో ఉంటాయి కనుక పేరుతో పాటు గ్రామ కోడ్‌ను కూడా రాసుకోండి. వరుసలో ఇళ్ళ సంఖ్య, మొత్తం జనాభా, 0–6 ఏళ్ళ పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, అక్షరాస్యులు, పనిచేసేవారు, ప్రతిదానికీ స్త్రీ పురుషుల సంఖ్యలు విడివిడిగా ఉంటాయి.

ఒక ఊహా గ్రామాన్ని తీసుకుందాం. మొత్తం జనాభా 3,200, అందులో 0–6 ఏళ్ళ పిల్లలు 320, అక్షరాస్యులు 1,872. అక్షరాస్యులను మొత్తంతో భాగిస్తే 58.5 శాతం వస్తుంది, అది తప్పు లెక్క. పిల్లలను తీసివేయగా మిగిలిన 2,880తో భాగిస్తే 65 శాతం, ఇదీ సరైన అక్షరాస్యత. ఆరున్నర శాతం తేడా వచ్చింది! పక్క ఊరివారు సరైన పద్ధతిలో, మీరు తప్పు పద్ధతిలో లెక్క కడితే మీ ఊరు లేనిపోని అప్రతిష్ఠ మూటగట్టుకుంటుంది. ఇదే లెక్కను స్త్రీలకూ పురుషులకూ విడిగా వేసి, తేడాను పక్కన రాసి పెట్టుకోండి. ఊరి అక్షరాస్యత 65 అని తెలిసినప్పుడు కలగని ఆలోచన, ఆ తేడా కళ్ళముందు నిలిచినప్పుడు కలుగుతుంది.

పనిచేసేవారి వరుసను కూడా తొందరపడి కూడవద్దు. ఏడాదిలో ఆరు నెలలు, అంతకుమించి పనిచేసినవారు ప్రధాన కార్మికులు, అంతకు తక్కువ చేసినవారు ఉపాంత కార్మికులు. ఇంటి పాడిపంటల్లో పనిచేసే ఆడవారు “ఏం పని చేస్తారమ్మా” అంటే “ఇంట్లోనే ఉంటానండీ” అని చెప్పేస్తారు కనుక స్త్రీల పని లెక్క ఉన్నదానికన్నా తక్కువగా వస్తుందని గుర్తుంచుకోండి.

ఇక ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్ఎంలు రోజూ వాడే లెక్క ఒకటి చూడండి. 5,000 జనాభా, జననాల రేటు వెయ్యికి 16 అనుకుంటే ఏడాదికి 80 జననాలు వస్తాయి. 2020 నమూనా నమోదు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఈ రేటు 15.7, తెలంగాణలో 16.4. గర్భస్రావాలు, మృత శిశు జననాలు ఉంటాయి కాబట్టి పదిశాతం కలిపి ఏడాదికి 88 గర్భాలు ఉంటాయని అంచనా కడతారు. మీ రిజిస్టరులో ఏడాది చివరికి 55 మంది గర్భిణులే ఉంటే రెండే కారణాలు. ఒకటి, ఊళ్ళో జననాలు నిజంగా తగ్గి ఉండాలి లేదా కుటుంబాలు వలస వెళ్ళి ఉండాలి. రెండు, కొందరు గర్భిణులు మీ కంటికి కనబడకుండా ఉండాలి. జనాభా అంకె ఇక్కడ మనిషిని వెతకడానికి వాడుకునే పనిముట్టు. ఇంతకంటే మంచి వాడకం నాకు తెలియదు.

చిన్న సంఖ్యలతో మాత్రం రేట్లు కట్టవద్దు. ఒక ఊళ్ళో ఏడాదికి 20 మంది పిల్లలు పుట్టారు, 12 మంది మగపిల్లలు, 8 మంది ఆడపిల్లలు. లింగ నిష్పత్తి 667 అని రాస్తే భయపడవలసిందే. ఒక్క బిడ్డ అటుది ఇటయితే, అంటే 11, 9 అయితే, అది 818 అవుతుంది. ఒక్క పుట్టుకతో ఇంత ఊగే అంకె మీద నిర్ణయం తీసుకోకూడదు. అయిదేళ్ళ జననాలను కలపండి, లేదా మండలం మొత్తాన్ని చూడండి.

6. పోల్చేముందు ఇద్దరి వయసులూ చూడండి

2020లో కేరళ మరణాల రేటు వెయ్యికి 7.0, బీహార్‌లో 5.4. దీన్ని బట్టి బీహార్‌లో ఆరోగ్యం మెరుగని అనుకుంటామా? అదే ఏడాది శిశు మరణాల రేటు కేరళలో 6, బీహార్‌లో 27. కేరళలో మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు, పిల్లలు తక్కువమంది పుడుతున్నారు, అందువల్ల వృద్ధుల వాటా ఎక్కువ. వృద్ధులు ఎక్కువగా ఉన్నచోట మరణాల రేటు ఎక్కువగా ఉంటుంది. బీహార్‌లో పిల్లలు, యువకులు ఎక్కువ. కాబట్టి రెండు ప్రాంతాల మరణాల రేట్లను నేరుగా పోల్చవద్దు, ఒకే వయసువారి రేట్లను వయసువారీగా పోల్చండి. ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్య రేటు, అంటే ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7, తెలంగాణలో 1.8 అని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఒక తరం స్థానంలో మరో తరం నిలవడానికి సుమారు 2.1 కావాలి. అంటే మనమూ కేరళ దారిలోనే ఉన్నాం. మన మరణాల రేటు మున్ముందు పెరిగినప్పుడు ఆసుపత్రులు పాడయ్యాయని తొందరపడి రాయకండి.

సంఖ్యనూ వాటానూ కలపకుండా చూడండి. తెలుగు మాతృభాషగా చెప్పినవారు 2001లో 7,40,02,856, 2011లో 8,11,27,740. అంటే 71 లక్షలకు పైగా పెరిగారు. కానీ దేశ జనాభాలో వాటా 7.19 శాతం నుంచి 6.70 శాతానికి తగ్గింది, దేశభాషల వరుసలో తెలుగు మూడో స్థానం నుంచి నాలుగుకు దిగి, మరాఠీ మూడోదయింది. ఈ లెక్కలు వెలువడినప్పుడు తెలుగు చచ్చిపోతోందని ఎందరో బాధపడ్డారు. భాష మీద బెంగ నాకూ ఉంది, బడుల్లో తెలుగు పరిస్థితి చూస్తే ఆ బెంగ న్యాయమైనదే. అయితే ఈ పట్టిక దానికి రుజువు కాదు. తెలుగు ఇళ్ళలో పిల్లలు తక్కువమంది పుట్టడం ముందుగా మొదలైంది, ఉత్తరాదిన ఆలస్యమైంది, వాటా తగ్గడానికి ప్రధాన కారణం అది.

పెరుగుదల రేటు కట్టే పద్ధతి కూడా నేర్చుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 2001లో 7,62,10,007, 2011లో 8,45,80,777. తేడా 83,70,770. దీన్ని మొదటి అంకెతో భాగిస్తే 10.98 శాతం, ఇది పదేళ్ళ పెరుగుదల. పదితో భాగించి ఏడాదికి 1.098 శాతం అనడం సరికాదు, ఎందుకంటే చక్రవడ్డీలాగా పెరిగినవారి మీద కూడా పెరుగుదల వస్తుంది. చక్రవడ్డీ పద్ధతిలో చూస్తే అది ఏడాదికి సుమారు 1.05 శాతం.

ఈ పోలికల మీద పెద్ద నిర్ణయాలే ఆధారపడతాయి. లోక్‌సభలో రాష్ట్రాల స్థానాల సంఖ్య 1971 జనాభా మీద నిలిచిపోయి ఉంది. 2001 నాటి 84వ రాజ్యాంగ సవరణ ఆ నిలుపుదలను 2026 తరవాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాలు తేల్చడానికి 2011 జనాభాను తీసుకుని, జనాభా నియంత్రణలో పనితీరుకు విడిగా 12.5 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. ఏ ఏడాది జనాభాను తీసుకోవాలన్న వాదన వెనుక రోడ్లూ బడులూ ఆసుపత్రుల డబ్బు ఉంది. ఆ చర్చలో పాల్గొనేవారు ముందుగా ఏ ఏడాది అంకె గురించి మాట్లాడుతున్నారో చెప్పాలని కోరడం పౌరులుగా మీ హక్కు.

7. తప్పులు ఎక్కడ దూరతాయో తెలుసుకోండి

2011 ఫిబ్రవరిలో ఉపాధ్యాయుడిగా నాకు జనగణన పని మీద కృష్ణా తీరాన ఒక బ్లాకు, అంటే ఒక గణకుడు తిరగవలసిన ఇళ్ళ గుంపు, అప్పగించారు. ఒక ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. “మామ్మగారూ, మీ వయసెంతండీ” అని అడిగితే, “అరవై రాసుకో బాబూ” అంది. ఉప్పెన నాటికి పిల్లలెందరని అడిగాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఆ ప్రాంతంలో ఎవరూ మరచిపోరు. “పెద్దాడికి ఆరేళ్ళు. వాణ్ణి చెట్టు మీదికి ఎక్కించాను” అంది. పదిహేనో ఏట పెళ్ళి, కాపరానికి వచ్చిన మూడేళ్ళకు పెద్దాడు. పదిహేను, మూడు, ఆరు, ఆపైన ముప్ఫై మూడు, మొత్తం యాభై ఏడు. నేను 57 అని రాశాను. పక్క వీధిలో ఎవరో తీరిక లేక అరవై అనే రాసి ఉంటారు.

అందుకే ఒక్కో ఏడాది వయసు వారీగా ఇచ్చిన సి-13 పట్టికను తెరిస్తే 30, 35, 40, 50, 60 దగ్గర గోపురాలూ, వాటి పక్కన 59, 61 దగ్గర గోతులూ కనిపిస్తాయి. మనుషులు అలా పుట్టలేదు, వయసు అలా చెప్పారు. దీన్ని సవరించడానికి అయిదేళ్ళ గుంపులుగా చదవడం మామూలు పద్ధతి. కానీ 57 ఏళ్ళవారు 60 అని చెబితే వారు 55–59 గుంపు నుంచి 60–64 గుంపులోకి దాటిపోతారు. వృద్ధాప్య పింఛన్లకు అర్హులెందరో ఈ పట్టిక నుంచి లెక్కించేవారు ఈ సంగతి మనసులో పెట్టుకుని, పక్కపక్క గుంపులు రెండింటినీ కలిపి చూడాలి.

8. ఇవాళ్టి జనాభా కావాలంటే

రాష్ట్రానికయితే కేంద్రం నియమించిన సాంకేతిక బృందం 2011 నుంచి 2036 వరకు ఇచ్చిన అంచనాలను వాడండి, పక్కన “అంచనా” అన్న మాట తప్పక రాయండి. ఊరికి ఆ పెరుగుదల రేటును తగిలించవద్దు. కొత్త కాలనీలు లేచిన ఊరు రెండింతలై ఉండవచ్చు, బతుకుతెరువుకు జనం వెళ్ళిపోయిన ఊరు సగమై ఉండవచ్చు. గ్రామానికి మంచి పద్ధతి ఒకటే. 2011 జనాభాకు అప్పటినుంచి నమోదైన జననాలు కలిపి, మరణాలు తీసివేసి, వచ్చి స్థిరపడ్డవారిని చేర్చి, వెళ్ళిపోయినవారిని తగ్గించండి. వలసల లెక్క ఎక్కడా ఉండదు కనుక వీధి వీధికీ నడవక తప్పదు. అంగన్‌వాడీ రిజిస్టరు, బడి హాజరు పట్టీ, కొళాయి కనెక్షన్ల సంఖ్య పక్కన పెట్టి చూసుకుంటే మీ అంచనా దారి తప్పిందో లేదో తెలుస్తుంది.

9. రాసేటప్పుడు

అంకె పక్కన తేదీ, హద్దు, ఆధారం ఒకే వాక్యంలో రాయండి. “2011 మార్చి 1 నాటి జనగణన తుది లెక్క ప్రకారం, నేటి మండల హద్దుల్లో” అన్న నాలుగు మాటలు చేరిస్తే మీ అర్జీని పక్కన పెట్టడం అధికారికి కష్టమవుతుంది. జనగణన అంకెను చివరి ఒంటి దాకా ఇవ్వవచ్చు, అంచనాను మాత్రం వేలల్లోకో లక్షల్లోకో గుండ్రం చేసి ఇవ్వండి, లేకపోతే లేని కచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కో మనిషి వివరాలు ఎప్పుడూ అడగవద్దు, ఇవ్వవద్దు. జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తిగత పత్రాలను ఎవరూ తనిఖీ చేయలేరు, అవి కోర్టులో సాక్ష్యానికీ చెల్లవు. ఈ భరోసా ఉందని ఇంటింటికీ చెబితేనే జనం నిజం చెబుతారు.

వచ్చే జనగణనకు 2027 మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రిని ప్రామాణిక క్షణంగా 2025 జూన్ 16 నాటి గెజిట్‌లో ప్రకటించారు. ఈసారి కులాన్ని కూడా నమోదు చేస్తారు. గణకులు మీ ఇంటికి వచ్చేసరికి అందరి పుట్టిన తేదీలూ ఒక కాగితం మీద రాసి పెట్టండి, పెద్దవారి వయసును ఏ ఉప్పెనకో, ఏ కరువుకో, ఏ పెళ్ళికో ముడిపెట్టి ముందే లెక్కగట్టి ఉంచండి, ఇంట్లో ఆడవారు పొలంలో, పశువుల దగ్గర చేసే పనిని పనిగానే చెప్పండి. మీ రెవెన్యూ గ్రామం 2011 వరుసను, కోడ్‌తో సహా, ఇప్పుడే దింపుకుని, ఏ ఆవాసం ఇప్పుడు ఏ పంచాయతీలో ఉందో దాని కింద రాసి దాచండి. కొత్త పట్టికలు కొత్త హద్దులతో వచ్చినప్పుడు పాతదానికీ కొత్తదానికీ మధ్య వంతెన ఆ కాగితమే అవుతుంది.